మూడు చక్రాల బైక్‌కు గాలి ఎంత? బరువు తేల్చే లెక్క

వెనక రెండు చక్రాలున్న ట్రైక్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) చదివితే చిన్న అక్షరాల్లో ఒక అంకె కనిపిస్తుంది. ఎక్కువగా అది 44 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో కొలిచే గాలి ఒత్తిడి), లేదా 51. చాలామంది ఆ అంకెనే సరైన ప్రెషర్ అనుకుని అంతవరకూ గాలి కొట్టించేస్తారు. కొందరు కారుకు కొట్టించినట్టే 33 దగ్గర ఆపుతారు. రెండు చక్రాల బైక్ నుంచి ట్రైక్‌కు మారినవాళ్లు ఏళ్ల తరబడి అలవాటైన 36, 40లనే ఇక్కడా కొనసాగిస్తారు. తర్వాత బండి చిన్న గతుకుకే ఎగిరిపడుతోందని, నడుము పట్టేస్తోందని, టైరు నడిమధ్యలో అరిగిపోయి అంచులు కొత్తగా ఉన్నాయని బాధపడతారు. షాక్ అబ్జార్బర్లు మార్చేవాళ్లూ ఉన్నారు, సీటు మార్చేవాళ్లూ ఉన్నారు. ఆ ఇబ్బందుల్లో చాలావరకు గాలి తగ్గిస్తే పోయేవే.

కారు అలవాటుగానీ బైక్ అలవాటుగానీ ట్రైక్‌కు పనికిరావు. కారణం సులువైనదే. టైరులో ఎంత గాలి ఉండాలో తేల్చేది బండి రకం కాదు, టైరు సైజు ఒక్కటే కాదు. ఆ చక్రం మీద పడే బరువు. ట్రైక్‌లో చాలాసార్లు కారు కోసం చేసిన టైరు ఉంటుంది, కానీ దాని మీద కారు బరువు ఉండదు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

బండిని మోసేది రబ్బరు అనిపిస్తుంది కానీ, ఎక్కువ భాగం మోసేది లోపల బిగించిన గాలి. చక్రం మీద 220 కిలోల బరువు ఉందనుకుందాం. లోపల 36 పీఎస్‌ఐ గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోలు, ఆ బరువు మోయడానికి టైరు దాదాపు 87 చదరపు సెంటీమీటర్ల మేర నేలకు ఆనుతుంది. ప్రెషర్‌ను 26కి తగ్గిస్తే ఆ ముద్ర 120కి పెరుగుతుంది. 18కి తగ్గిస్తే 174 అవుతుంది. సైడ్‌వాల్ గట్టిదనం కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అసలు కొలతలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. అయినా లెక్క నడిచే దారి ఇదే.

ఇప్పుడు ఇదే సైజు టైరు ఒక మామూలు కారుకు ఉందనుకుందాం. చక్రానికి 400 కిలోలు, గాలి 33 పీఎస్‌ఐ. ముద్ర 172 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అంటే 220 కిలోలు మోసే ట్రైక్ చక్రం, కారు కింద నిలిచినట్టే నిండుగా నేలకు ఆనాలంటే దానికి కావాల్సింది 18 పీఎస్‌ఐ చుట్టుపక్కలే. 33 కొడితే టైరు బోర్లించిన గిన్నెలా ఉబ్బి నడిమి పట్టీ మీదే పరిగెడుతుంది. 205 మిల్లీమీటర్ల వెడల్పు టైరు కొనుక్కుని సగం వెడల్పే వాడుకున్నట్టు అవుతుంది. బ్రేకు పట్టు తగ్గడానికి, నడిమి ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) ముందే అరగడానికి, గతుకు మీద చక్రం బంతిలా ఎగరడానికి మూలం అదే.

కారు టైరు మీద ఉండే లోడ్ ఇండెక్స్ చూస్తే ఈ తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. 205/65ఆర్15 సైజులో మామూలుగా కనిపించే ఇండెక్స్ 94. దాని అర్థం ఆ టైరు 670 కిలోల వరకు మోయగలదని. సోలోగా నడిచే పెద్ద ట్రైక్‌లో ఒక్కో వెనక చక్రం మీద అందులో మూడో వంతు బరువే పడుతుంది. సైడ్‌వాల్ మీది 44, 51 అంకెలు ఆ టైరులో ఎంతకు మించి గాలి ఉండకూడదో చెబుతాయి. ఎంత ఉండాలో చెప్పవు. బైక్ టైరు మీద రాసి ఉండే "గరిష్ఠ బరువు ఇంత, చల్లగా ఇంత ప్రెషర్ దగ్గర" అన్న వాక్యం కూడా అలాంటిదే. ఆ పూర్తి బరువు వేసినప్పుడు ఆ ప్రెషర్ కావాలని దాని అర్థం.

కంపెనీలు ఇచ్చే అంకెల్లో కూడా ఇదే లెక్క కనిపిస్తుంది. ముందు ఒక చక్రం, వెనక రెండు ఉండే హార్లే డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్‌నే చూడండి. దాని ఖాళీ బరువే సుమారు 560 కిలోలు. ముందు బైక్ టైరుకు 36 పీఎస్‌ఐ చెప్పిన అదే కంపెనీ వెనక కారు తరహా టైర్లకు 26 చెబుతుంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే క్యాన్-యామ్ స్పైడర్‌లో, మోడల్‌ను బట్టి, ముందు టైర్లకు 15 నుంచి 20 వరకు, వెనక దానికి 28 చుట్టూ ఉంటుంది. 15 అన్న అంకె చూసి కొత్తగా కొన్నవాళ్లు అచ్చుతప్పు అనుకుంటారు. అచ్చుతప్పు కాదు. 165 మిల్లీమీటర్ల వెడల్పున్న ఆ ముందు టైర్లు ఒక్కొక్కటీ మోసేది చిన్న కారు చక్రం మోసే దానికన్నా చాలా తక్కువ.

జంటగా ఉన్న చక్రాలకు తక్కువ, ఒంటరిగా ఉన్న చక్రానికి ఎక్కువ. ఈ రెండు బండ్లలోనూ ఉన్న పోలిక ఇది. జంట వైపు బరువు రెండుగా చీలుతుంది, ఒంటరి చక్రం తన వాటా అంతా తానొక్కటే మోయాలి. కాబట్టి ట్రైక్‌కు గాలి ఎంత అని ఒక్క ప్రశ్న అడిగితే జవాబు రాదు. రెండు ప్రశ్నలు అడగాలి.

మాన్యువల్ ఉండి, అందులో చెప్పిన సైజు, రకం టైర్లే ఉంటే అక్కడున్న అంకెతో మొదలుపెట్టాలి. ఆ పని చేయకుండా నేరుగా లెక్కల్లోకి దిగడం తొందరపాటు. ఆ అంకె ఆ బండి బరువు, సస్పెన్షన్, బ్రేకులు, స్టెబిలిటీ ఎలక్ట్రానిక్స్ అన్నీ కలిపి పరీక్షించాక వచ్చింది. కానీ మామూలు బైక్‌కు దాన్ని ట్రైక్‌గా మార్చే కన్వర్షన్ కిట్ వేయించినప్పుడు బైక్ మాన్యువల్‌లోని వెనక టైరు అంకెకు అర్థమే ఉండదు. ఆ చక్రమే ఇప్పుడు లేదు. కిట్ తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే అది పనికొస్తుంది. అదీ దొరక్కపోయినా, టైరు రకం మార్చినా బరువు తూచుకోవడం ఒక్కటే నమ్మదగ్గ దారి.

తూచడం అనుకున్నంత కష్టం కాదు. వాహనాలు తూచే కాటా మీద ముందు చక్రం మాత్రమే ఎక్కేలా నిలిపి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కేలా నిలిపి ఇంకోసారి తూచాలి. రెండుసార్లూ నేల మట్టంగా ఉండాలి. నడిపేవాళ్లు సీటు మీదే కూర్చుని ఉండాలి, హెల్మెట్‌తో సహా. ట్యాంకు నిండా పెట్రోలు, మామూలుగా పెట్టుకునే సామాను ఉండాలి. ఆ తర్వాత వెనక సీటు మనిషిని ఎక్కించుకుని మళ్లీ తూచాలి. చాలామంది వదిలేసేది ఈ రెండో తూకమే. ట్రైక్‌లో వెనక కూర్చునే మనిషి బరువు, డిక్కీ సామాను బరువు దాదాపు మొత్తం వెనక ఇరుసు మీదకే వెళ్తాయి. ముందు చక్రం మీద అంకె పెద్దగా కదలదు. కొన్నిసార్లు ఒకటి రెండు కిలోలు తగ్గుతుంది కూడా, ఎందుకంటే డిక్కీ ఇరుసు దాటి వెనక్కి వేలాడుతుంది. అందువల్ల సోలోకు, జంటగా వెళ్లడానికి వెనక టైర్ల ప్రెషర్ వేరుగా ఉండటంలో అర్థముంది. ముందు టైరుకు రెండు సందర్భాల్లోనూ ఒకటే అంకె సరిపోతుంది.

పైన లెక్క వేస్తే సోలోకు 18 వచ్చింది కదా, మరి కంపెనీ 26 ఎందుకు చెబుతోంది? తేడా నిలబడి ఉన్న బండికీ మలుపు తిరుగుతున్న బండికీ మధ్య ఉంది.

రెండు చక్రాల బైక్ మలుపులో పక్కకు ఒరుగుతుంది. ఒరగని ట్రైక్ నిటారుగానే తిరుగుతుంది, బరువు బయటి చక్రం వైపు తోసుకుపోతుంది. కారులో ఈ తోపు ముందు ఇరుసు, వెనక ఇరుసు కలిసి పంచుకుంటాయి. ట్రైక్‌లో ఒంటరి చక్రానికి కుడి ఎడమలు లేవు. అది బండి పక్కకు పడకుండా ఆపడంలో ఏమీ సాయం చేయలేదు. బండి మొత్తం బరువు నుంచి వచ్చే తోపంతా ఆ జంట చక్రాలే భరించాలి. మొత్తం 650 కిలోలు, బరువు కేంద్రం ఎత్తు 60 సెంటీమీటర్లు, వెనక చక్రాల మధ్య దూరం 120 సెంటీమీటర్లు అనుకుందాం. ఓ మోస్తరు జోరుగా, భూమ్యాకర్షణలో 0.3 వంతు పక్కతోపు వచ్చేలా మలుపు తిరిగితే, లోపలి చక్రం మీద నుంచి బయటి చక్రం మీదకు దాదాపు 97 కిలోలు మారతాయి. అప్పటిదాకా చెరి 220 మోస్తున్న చక్రాల్లో బయటిది 317, లోపలిది 123 మోస్తుంది. వెనక మనిషి, సామాను కలిపి మొత్తం 780 కిలోలు ఉండి అందులో 560 వెనక ఇరుసు మీద పడుతుంటే, అదే మలుపులో బయటి చక్రం మీద దాదాపు 400 కిలోలు పడతాయి. అంటే ఆ కాసేపూ అది పూర్తిగా కారు చక్రం పని చేస్తోంది.

సోలోగా నేరుగా వెళ్తే 18 చాలు, నిండు లోడుతో మలుపు తిరిగితే 33 దాకా కావాలి. 26 ఈ రెంటికీ మధ్య కుదిరిన రాజీ. ఇది అర్థమైతే ప్రెషర్ మరీ తగ్గించేయాలన్న ఉత్సాహం దానంతట అదే అదుపులోకి వస్తుంది. సాఫీ రోడ్డు మీద నెమ్మదిగా ఒంటరిగా వెళ్లేవాళ్లకు 20 హాయిగా ఉండవచ్చు. ఘాట్ రోడ్డులో జంటగా వెళ్లేవాళ్లకు అదే 20 మలుపు మలుపుకూ బండి వెనక భాగం పక్కకు జరుగుతున్నట్టు, హ్యాండిల్ ఒకటి చెబితే చక్రాలు కాస్త ఆలస్యంగా వింటున్నట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతి సైడ్‌వాల్ మడత పడటం వల్ల వచ్చేది.

తగ్గించడానికి హద్దు ఎక్కడుంది? లెక్క ప్రకారం చూస్తే 670 కిలోల టైరు 20 పీఎస్‌ఐ దగ్గర కూడా 400 కిలోలకు పైగా మోయగలదనే తేలుతుంది. కానీ టైరు పరిశ్రమ పట్టికలు అంత కిందకు వెళ్లవు. అమెరికా ప్రమాణంలో చేసిన కారు టైర్లకు అవి సాధారణంగా 26 దగ్గర మొదలై 35 దగ్గర ముగుస్తాయి. 26 కన్నా కింద నడిపే ప్రతి పీఎస్‌ఐ ఆ పట్టికల బయట ఉన్నట్టే. బండి కంపెనీగానీ కిట్ తయారీదారుగానీ తక్కువ అంకె ఇచ్చి ఉంటే ఆ పరీక్షల భారం వాళ్లు తీసుకున్నారని నమ్మవచ్చు. ఎవరూ ఇవ్వకపోతే 26 దాటి కిందకు దిగేటప్పుడు ఒక్కొక్క పీఎస్‌ఐ చొప్పున, గమనించుకుంటూ దిగాలి. సౌకర్యం బాగుందని ఒక్కసారిగా 16కి తెచ్చేయడం ప్రమాదం.

గాలి మరీ తక్కువైతే మూడు ముప్పులున్నాయి. మొదటిది వేడి. ప్రతి చుట్టుకూ సైడ్‌వాల్ వంగి లేస్తుంటే లోపలి పొరలు వేడెక్కుతాయి, దూర ప్రయాణంలో అవే టైరును లోపలినుంచి పాడుచేస్తాయి. రెండోది రిమ్. టైరు అంచు రిమ్‌కు అతుక్కుని ఉండేది లోపలి ప్రెషర్ వల్లే. గట్టి మలుపులో తక్కువ గాలి ఉన్న టైరు అంచు రిమ్ నుంచి జారితే గాలంతా ఒక్కసారిగా పోతుంది. గుంటలో పడినప్పుడు రిమ్ వంగడమూ దీని కిందకే వస్తుంది.

మూడో ముప్పు గురించి తక్కువమంది మాట్లాడతారు, కానీ ట్రైక్ విషయంలో దాన్నే ఎక్కువ పట్టించుకోవాలి. అది నీటి మీద తేలిపోవడం. 1960లలో నాసాలో వాల్టర్ హార్న్ విమాన టైర్ల మీద చేసిన పరిశోధన నుంచి ఒక సూత్రం వచ్చింది: టైరు నీటి మీద తేలడం మొదలయ్యే వేగం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. కిలోమీటర్లలో చెప్పాలంటే ఆ వర్గమూలాన్ని దాదాపు 16.7తో గుణించాలి. 36 పీఎస్‌ఐకి గంటకు 100 కిలోమీటర్లు, 28కి 88, 20కి 75 కూడా రావు. ఈ సూత్రం పుట్టింది విమానాల నునుపు టైర్ల కోసం, నీరు నిలిచిన రన్‌వేల కోసం. గాడులున్న రోడ్డు టైరు అంతకన్నా మెరుగే. కాబట్టి అంకెను యథాతథంగా తీసుకోనక్కర్లేదు. కానీ అది చూపించే దిశ ముమ్మాటికీ నిజం. వెడల్పైన టైరు, దాని మీద తక్కువ బరువు, లోపల తక్కువ గాలి: నీటి మీద తేలడానికి ఇంతకన్నా అనువైన కలయిక ఉండదు. పైగా రెండు చక్రాల బైక్ ఒక్క గీతలో వెళ్తే ట్రైక్ మూడు గీతల్లో వెళ్తుంది, ముందు చక్రం తోసిన నీటి దారి వెనక చక్రాలకు పనికిరాదు. వానలో ట్రైక్ నడిపేవాళ్లు వేగం తగ్గించాలని చెప్పేది మామూలు జాగ్రత్తగా కాదు. సౌకర్యం కోసం గాలి తగ్గించుకున్నవాళ్లు వానలో వేగం కూడా అంతగా తగ్గించుకోవాల్సిందే. ట్రెడ్ గాడులు అరిగిపోయిన టైరుతో తక్కువ ప్రెషర్ నడపనే కూడదు.

ఇక వెనక రెండు చక్రాల ట్రైక్‌లో ముందుండే ఒంటరి టైరు సంగతి. అది బైక్ టైరు, గుండ్రటి పైభాగంతో ఒరగడానికి చేసింది. ట్రైక్‌లో అది ఎప్పుడూ ఒరగదు. రోజంతా నడిమి పట్టీ మీదే పరిగెడుతుంది, మలుపులో ఒరుగుతూ కాకుండా పక్కకు ఈడ్చుకుపోతూ తిరుగుతుంది. ఇక్కడ గాలి తగ్గించడం వల్ల లాభం ఏమీ లేదు. హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపులో ముందు భాగం బయటికి జారుతున్నట్టు ఉంటుంది, ట్రెడ్ అంచులు గరిటెతో గీకినట్టు మెట్లు మెట్లుగా అరుగుతాయి. ఈ టైరుకు మాన్యువల్ చెప్పిన అంకె దగ్గరే ఉండటం మంచిది. వెనక టైర్లకు తగ్గించిన చేత్తో ముందుదానికీ తగ్గించే పొరపాటు మాత్రం చేయకూడదు.

మొదటి అంకె ఎక్కడినుంచి వచ్చినా, అది సరిపోయిందో లేదో టైరే చెబుతుంది. దానికి ఒక సుద్దముక్క చాలు. జంట టైర్లలో ఒక్కోదాని ట్రెడ్ మీద అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, వేలెడు మందాన గీత గీయాలి. నునుపైన, పొడిగా ఉన్న రోడ్డు మీద వంద మీటర్లు నేరుగా, నెమ్మదిగా నడిపి దిగి చూడాలి. గీత నడిమధ్యలో చెరిగిపోయి రెండు అంచుల్లో తెల్లగా మిగిలితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. వెడల్పంతా ఒకేలా మసకబారితే దాదాపు కుదిరినట్టే. 36 ఉన్న ట్రైక్ వెనక టైరు మీద ఈ గీత చూస్తే వివరణ అక్కర్లేకుండానే విషయం బోధపడుతుంది: మధ్యలో అరచేయంత మేర నల్లగా, రెండు పక్కలా మూడేసి వేళ్ల మేర సుద్ద చెక్కుచెదరకుండా ఉంటుంది. అక్కడినుంచి రెండేసి పీఎస్‌ఐ చొప్పున తగ్గిస్తూ మళ్లీ గీయాలి. గీత ఒక పక్కనే చెరుగుతుంటే అది గాలి సమస్య కాదు, చక్రం అమరిక సమస్య. గుండ్రటి బైక్ టైరుకు ఈ పరీక్ష పనిచేయదు. నేరుగా వెళ్లేటప్పుడు అది అంచులతో నేలను తాకేలా చేసింది కాదు.

సుద్ద గీత నిదానంగా వెళ్లే బండి సంగతే చెబుతుంది. వేగంగా వెళ్లే టైరు సంగతి దాని వేడి చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ రాసుకుని, మామూలు వేగంతో ఓ అరగంట, ముప్పావుగంట నడిపి, ఆగిన వెంటనే మళ్లీ చూడాలి. కారు టైర్ల విషయంలో నాలుగు పీఎస్‌ఐ వరకు పెరగడం సహజమని ఒక వాడుక లెక్క ఉంది. దాన్ని 18, 20 దగ్గర నడిచే టైరుకు అలాగే అన్వయించకూడదు, అక్కడ నాలుగు అంటే ఐదో వంతు. శాతంలో చూసుకోవడం మేలు. పదో వంతు చుట్టూ పెరిగితే ఫర్వాలేదు. అంతకన్నా బాగా ఎక్కువ పెరిగితే టైరు మరీ వంగి వేడెక్కుతోందని అర్థం, అంటే చల్లగా ఉన్నప్పుడు ఇంకాస్త గాలి కావాలి. వేడిగా ఉన్న టైరులో అంకె పెరిగిందని గాలి తీసేయడం ఎప్పుడూ పొరపాటే.

చల్లగా అంటే కనీసం మూడు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉన్న టైరు. ఒక పక్క ఎండలో, ఒక పక్క నీడలో నిలిపిన ట్రైక్‌లో కుడి ఎడమ టైర్ల మధ్యే తేడా కనిపిస్తుంది. 20 పీఎస్‌ఐ ఉన్న టైరు పది డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఒక పీఎస్‌ఐకి కాస్త పైగా పెరుగుతుంది. తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 20కి కొట్టిన టైరు, మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండకు ఒక్క అడుగు కదలకుండానే 23 చూపిస్తుంది. 36 నడిపే టైరుకు ఇలాంటి తేడాలు పెద్ద లెక్కలోకి రావు. 20 నడిపే టైరుకు వస్తాయి. తక్కువ ప్రెషర్‌లో ప్రతి ఒక్క పీఎస్‌ఐ విలువా ఐదు శాతం.

అందువల్లే గేజ్ విషయంలో పట్టింపు అవసరం. 100 పీఎస్‌ఐ దాకా చూపే గేజ్‌లో పూర్తి కొలత మీద రెండు శాతం తప్పు అనుమతించారంటే అది రెండు పీఎస్‌ఐ. 100 దగ్గర అది లెక్కలోకి రాదు, 18 దగ్గర దాదాపు తొమ్మిదో వంతు. గాలి కొట్టే యంత్రం మీది అంకెను నమ్ముకుని 18, 20 పెట్టడం చీకట్లో సూదిలో దారం ఎక్కించడం లాంటిది. 30 లేదా 60 పీఎస్‌ఐ దాకా మాత్రమే చూపే మంచి గేజ్ ఒకటి సొంతంగా ఉంచుకుని, ఎప్పుడూ దానితోనే చూడాలి. ఆ గేజ్ ఒక పీఎస్‌ఐ తప్పు చూపినా, ప్రతిసారీ అదే తప్పు చూపుతుంది కాబట్టి సుద్ద గీతతో కుదుర్చుకున్న అంకె చెడదు. అసలు అంకె ఒకటి అటో ఇటో అయినా పెద్ద నష్టం లేదు, కుడి ఎడమ రెండూ సమానంగా ఉంటే చాలు. జంట చక్రాల్లో ఒకటి 20, ఒకటి 16 ఉంటే బండి నేరుగా వెళ్లేటప్పుడు ఒక పక్కకు లాగుతుంది, బ్రేకు వేస్తే ఇంకా లాగుతుంది. చక్రాల వేగాలు పోల్చి చూసే స్టెబిలిటీ సిస్టమ్ ఉన్న బండిలో, రెండు టైర్ల చుట్టుకొలత తేడా ఆ సిస్టమ్‌ను కూడా తికమక పెట్టగలదు.

టైరు రకం మారితే అంకె మళ్లీ మొదటికొస్తుంది. ట్రైక్‌కు కంపెనీ వేసిన టైరు చాలాసార్లు పల్చటి, మెత్తటి సైడ్‌వాల్‌తో ఉంటుంది. దాని స్థానంలో అదే సైజు మామూలు కారు టైరు వేస్తే, ఆ గట్టి సైడ్‌వాల్ బరువులో ఎక్కువ వాటా తానే మోస్తుంది. పాత టైరుకు కుదిరిన 28 ఈ కొత్తదాన్ని రాయిలా చేయవచ్చు. సుద్ద పరీక్ష మళ్లీ చేసి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. నైట్రోజన్ నింపితే ఈ లెక్కలేవీ మారవు. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉండేది నైట్రోజనే, వేడికి అది పెరిగే తీరూ అంతే.

ఒరిగే మూడు చక్రాల బండ్లకు, అంటే పియాజియో ఎంపీ3, యమహా ట్రైసిటీ, యమహా నైకెన్ లాంటి వాటికి, పైన చెప్పిన తగ్గింపు వర్తించదు. వాటి ముందు రెండు చక్రాలూ బైక్ చక్రాల్లా కలిసి ఒరుగుతాయి, టైర్లూ గుండ్రటివే. గాలి తగ్గితే ఒరిగినప్పుడు టైరు ఆకారమే చెదిరి బండి తడబడుతుంది. వాటిలో మాన్యువల్ అంకె దాటి ప్రయోగాలు చేయకపోవడమే మంచిది. వెనక మనిషి ఉన్నప్పుడు వెనక టైరుకు మాన్యువల్ వేరే అంకె ఇస్తే దాన్ని పాటించాలి.

ఒరగని ట్రైక్‌కు మిగిలేది మూడు అంకెలు: ముందు టైరుకు ఒకటి, వెనక జంటకు సోలోగా ఒకటి, నిండు లోడుతో ఒకటి. ముందు రెండు చక్రాలున్న బండిలో, వెనక మనిషి బరువు ఎక్కువగా ఒంటరి చక్రం మీదే పడుతుంది కాబట్టి, సోలో, లోడు అంకెలు రెండూ వెనక టైరువే అవుతాయి. అవి ఒక చీటీ మీద రాసి, తూచిన తేదీ, టైరు పేరు కూడా పక్కన వేసి సీటు కింద అంటించుకోవచ్చు. చూసినప్పుడల్లా అంకెలు రాసుకుంటూ పోతే ఇంకో సంగతి బయటపడుతుంది. మంచి టైరు కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ దిగుతుంది. మూడింటిలో ఒక్కటే రెండు వారాలకు రెండు చొప్పున దిగుతుంటే, మళ్లీ మళ్లీ గాలి కొట్టించే ముందు ఆ వాల్వ్ మీద సబ్బు నీళ్లు ఒక చుక్క వేసి బుడగ వస్తుందేమో చూడాలి.